గుట్టకు తగ్గ టైరు

బుధవారం సాయంత్రం అక్షత మళ్ళీ వచ్చింది. స్కూటీ వెనక సీటు మీద రెండు సైకిలు చక్రాలు తాడుతో కట్టి ఉన్నాయి. భుజానికి ఇంకో మూడు టైర్లు వేలాడుతున్నాయి. చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కనే ఉన్న ఇస్హాక్ టైర్ల దుకాణం ముందు ముంబై వైపు పోయే లారీ ఒకటి జాకీ మీద లేచి ఉంది. ఇస్హాక్ దాని కింద నుంచి తల బయటికి పెట్టి చూశాడు.

"మళ్ళా విప్పాల్నా?"

"విప్పాలె చాచా."

"సోమవారమే కద బేటా ఎక్కించినం."

"అవి వద్దు. జర ఇవి ఎక్కియ్యుండ్రి."

ఇస్హాక్ లేచి చేతులు తుడుచుకున్నాడు. అరవై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళు ఇదే రోడ్డు మీద లారీ నడిపి, మోకాలు అరిగాక ఈ దుకాణం పెట్టాడు. లారీ టైర్ల ముందు అక్షత టైర్లు ఆటబొమ్మల్లా కనిపిస్తాయి కానీ వాటితోనే ఆయనకు ఎక్కువ పని. ఆ టైర్లలో ట్యూబు ఉండదు. రిమ్ము అంచుల్లో టైరు సరిగ్గా కూర్చోవాలంటే గాలి ఒక్కసారిగా దబాయించి కొట్టాలి. చేతి పంపు చాలదు, కంప్రెసర్ కావాలి. అందుకే టైరు మార్చాలని బుద్ధి పుట్టినప్పుడల్లా అక్షత ఇక్కడికి రావాల్సిందే. ఆ వారం ఇది మూడోసారి.

ఇస్హాక్ అంచులకు సబ్బునీళ్ళు పూసి గాలి వదిలాడు. టప్, టప్ అని రెండుసార్లు పేలినట్టు చప్పుడై టైరు కూర్చుంది. ఆయన బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఇది మెత్తగ ఉంది. మీద లేచిన బటన్లు కూడ పొడుగు. సోమవారంది గట్టిగ ఉండె, బటన్లు చిన్నయి. గంతేనా ఫరక్?"

"గట్టిది జోరుగ పోతది చాచా. మెత్తది మట్టిని పట్టుకుంటది, కాని వేగం తింటది. ఇగ ఇది ఇంకోటి." అక్షత భుజం మీది టైరు తీసి చూపించింది. దాని బటన్లు ముళ్ళలా నిలువుగా, దూరందూరంగా ఉన్నాయి. "వాన పడితే ఇది."

"వాన పడతదా?"

"ఫోన్ల పొద్దున నలభై శాతం అన్నది. మధ్యాహ్నం అరవై. ఇప్పుడు ముప్పై."

"గట్లయితే నీకేం కావాల్నో నీకే ఎరుక లేదు."

అక్షత నవ్వలేదు. స్కూటీ తాళం చెవిని వేలికి తగిలించి తిప్పుతూ, లారీ చుట్టూ ఒకసారి, తన చక్రాల చుట్టూ ఒకసారి తిరిగింది.

ఆదివారం తేనెగుట్ట మీద పోటీ. న్యాల్‌కల్ వైపు పొలాల మధ్య లేచిన గుట్ట అది. నెత్తి నుంచి కింద వరకు కిలోమీటరున్నర దారి. ఆ పోటీలో తొక్కేది తక్కువ, పడకుండా దిగేది ఎక్కువ. రాళ్ళ మీద నుంచి, మలుపుల్లో నుంచి, మూడున్నర నిమిషాల్లో కిందికి చేరాలి. హైదరాబాద్ సైకిలు క్లబ్బు వాళ్ళు నాలుగేళ్ళ కింద ఆ దారి వేసుకున్నప్పుడు, ఊరి నుంచి చూడడానికి వెళ్ళిన అక్షత వాళ్ళ సైకిలు ఒకటి అడిగి తీసుకుని దిగింది. అప్పటి నుంచి ఆమె ఆదివారాలన్నీ ఆ గుట్టవే.

మిగతా ఆరు రోజులు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో వెనక చక్రాలు బిగించే పని. ఏ ట్రాక్టరుకు ఏ టైరో కాగితం మీద రాసి వస్తుంది. తెచ్చిన టైరు బిగించడమే. అక్కడ చక్రాలు బిగించేటప్పుడు అక్షత చెయ్యి ఒక్కసారి కూడా తడబడదు.

పోయినేడు ఇదే పోటీలో ఆమె పడింది. రాళ్ళ మెట్ల దగ్గర ముందు టైరు పక్క చీలి, గాలి ఒక్కసారిగా పోయింది. ఎడమ భుజం దగ్గరి ఎముక విరిగింది. రెండు నెలలు చెయ్యి పైకెత్తలేకపోయింది. రోజూ షిఫ్టు టైముకు ముందే లేచి అలవాటు కొద్దీ కూర్చుంటే, తల్లి బసమ్మ వెనక చేరి తల దువ్వి జడ వేసేది. జడ వేస్తూ ప్రతిరోజూ అదే మాట. "ఆ టైరు చేసినోని చెయ్యి పడిపోను."

టైరే పాడుదని అక్షత అందరికీ చెప్పింది. తల్లికి, ఇస్హాక్‌కు, క్లబ్బు వాళ్ళకు, దవాఖానలో కట్టు కట్టిన నర్సుకు.

*

గురువారం సాయంత్రం సైకిలు ఇంట్లో మంచం పక్కనే ఉంది. అక్షత దాని ముందు కింద కూర్చుని టైరు నొక్కింది. లేచి కిటికీలోంచి మబ్బు చూసింది. మళ్ళీ కూర్చుని నొక్కింది. రొట్టెలు కాలుస్తున్న బసమ్మ వంటింట్లోంచి చూస్తూనే ఉంది.

"అన్నమన్న తిను, లేకుంటె దాన్నే తిను. ఎన్నిసార్లు పిసుకుతవే?"

"ఉండవ్వా."

"కుదురుగ కూసోవు. నిలబడవు. నిన్న అన్నం ముందట పెట్టుకుని ఫోన్ల వాన చూసుడే. నీకు గుబులైతే పోకు. ఎవడన్న మెడ మీద కత్తి పెట్టిండా?"

"గుబులు కాదు. ఏ టైరో తేలుతలేదు."

ఆమె అన్నది అబద్ధం కాదు. గుట్ట నెత్తి మీద ఎర్ర మొరం. గట్టి నేల మీద గులకలు పరచినట్టు ఉంటుంది, దాని మీద చక్రం జారుతుంది. మధ్యలో రాళ్ళ మెట్లు, అంచులు కత్తిపీటల్లా ఉంటాయి. అక్కడ పక్క మందంగా ఉన్న టైరు కావాలి. అడుగున కంది చేను పక్కన నల్లరేగడి. ఎండితే సిమెంటు, తడిస్తే జిగురు. ఒకే దారిలో మూడు నేలలు. ఒకదానికి కుదిరిన టైరు ఇంకోదానికి కుదరదు. ముందుకొకటి, వెనక్కొకటి వేద్దామంటే ఏది ముందుకు? శుక్రవారం ఫ్యాక్టరీలో చక్రం బిగిస్తూ కూడా అదే లెక్క. పక్కనున్న సాయన్న రెండుసార్లు పిలిచాడు, ఆమెకు వినపడలేదు.

షిఫ్టు దిగాక తిన్నగా దుకాణానికి వెళ్ళింది. ఈసారి మెత్తది ముందుకు, గట్టిది వెనక్కి.

ఇస్హాక్ గాలి కొట్టాడు కానీ చక్రం చేతికి ఇవ్వలేదు. పక్కన గోడకు ఆనించాడు.

"లారీ టైరు ఎవడన్న అడిగితే నేను ముందుగాల ఏమడుగుత తెలుసా? ఏ రోడ్డు పోతవ్, ఏం మోస్తవ్. నీ రోడ్డు నేను చూడలే. చూడకుంట నాలుగుసార్లు ఎక్కించిన. రేపు నాకు ఆ గుట్ట చూపి."

"మీ మోకాలు?"

"మోకాలుకు నేను చెప్పుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

*

శనివారం సాధన రోజు. అక్షత ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. ఇస్హాక్ దుకాణం తమ్ముడికి అప్పగించి, తన పాత వ్యానులో సైకిలు, టైర్లు, గాలి నింపిన చిన్న ట్యాంకు వేసుకుని వచ్చాడు. గుట్ట వెనక బండ్ల దారిలో నెత్తి వరకు వెళ్ళి, అక్కడి నుంచి ఇద్దరూ నడుచుకుంటూ దిగారు.

ఆయన తొందరపడలేదు. మొరం దోసిట్లోకి తీసుకుని వేళ్ళ మధ్య నుంచి వదిలాడు. చెప్పు తీసి మడమతో తొక్కి చూశాడు. మలుపు దగ్గర కర్ర గుచ్చి ఎంత లోతు దిగుతుందో చూశాడు. అక్షతకు ఆ నిదానం చిరాకుగా ఉంది. పది అడుగులు ముందుకు పోయి, ఆగి, మళ్ళీ వెనక్కి వస్తోంది.

రాళ్ళ మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె దారి వదిలి పక్కన పొదల్లోంచి దిగింది. ఇస్హాక్ మెట్ల మీదే నిలబడిపోయాడు.

"ఈడనేనా?"

"ఊఁ."

"ఏ రాయి?"

అక్షత దూరం నుంచే చూపించింది. రెండో మెట్టు కింద, మోకాలెత్తు రాయి. ఇస్హాక్ కష్టపడి వంగి దాని అంచు మీద వేలు రాశాడు. చాలాసేపు చూశాడు.

"దీని మీద చీలాలంటే టైరు బాగ నలగాలె బేటా. రిముకు, రాయికి నడుమ పడి చీలింది. గాలి నిండుగుంటే గట్ల నలగదు. ఆనాడు గాలి ఎన్ని పాయింట్లుండె?"

అక్షత కిందికి చూసింది. కింద పోటీ వాళ్ళు రిబ్బన్లు కడుతున్నారు. ఎవరో నవ్వుతున్నారు.

"లారీలల్ల రోజు చూస్త. టైరును తిట్టుకుంట వస్తరు. గాలి తగ్గించి నడిపినోళ్ళే తిడతరు."

"పదిహేడు," అంది అక్షత.

"ఎంత?"

"పదిహేడు పాయింట్లు. ఇరవై నాలుగుండాలె. పొద్దున పైన నిలబడ్డప్పుడు ఒకాయన అన్నడు, గాలి తగ్గిస్తె పట్టు బాగుంటదని. నేనే తీసిన. వాల్వు నొక్కి నేనే తీసిన చాచా. అయినంక అందరికి టైరు పాడుదని చెప్పిన."

ఆ మాట ఏడాదిగా ఆమె నోటి దాకా వచ్చి ఆగిపోతూ ఉంది. చెప్పాక తేలిగ్గా ఉంటుందనుకుంది. ఉండలేదు. అక్కడే రాయి మీద కూర్చుంది.

ఇస్హాక్ ఆమెను ఓదార్చలేదు, తిట్టలేదు. ఆయన కూడా మోకాలు పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"సోలాపూర్ అవతల ఘాట్ రోడ్డుల నేనొకసారి బ్రేకు చూడకుంట దిగిన. లారీ బోల్తా. నాతోటి ఉన్న ఖలాసీకి చెయ్యి పోయింది. లారీ సేఠ్‌కు బ్రేకు ఫేల్ అని చెప్పిన. ఖలాసీ కూడ అదే అనుకున్నడు." ఆయన చేతిలోని కర్రతో మట్టి గీశాడు. "ఆయన ఇంటికి పోయి చెప్పనీకె నాకు ఆరేండ్లు పట్టింది."

"ఏమన్నడు?"

"ఏమంటడు. చాయ్ పెట్టమని పెండ్లాంకు చెప్పిండు. తాగి వచ్చిన. ఇప్పటికి పండుగకు పోత." ఇస్హాక్ లేచాడు. "సరె. ఇగ టైరు మాట. ముందుకు మెత్తది, పక్క మందంది. వెనకకు గట్టిది. ముందట ఇరవై నాలుగు, వెనక ఇరవై ఏడు. పైన మొరం, నడుమ రాయి. రెండు పాళ్ళు నీ దారి అదే. కింద రేగడి తడిస్తే తడవనీ, గాడ కొంచెం టైము పోగొట్టుకుంటవ్. మూడిట్ల మూడు రావు."

ఆ మధ్యాహ్నం అక్షత నాలుగుసార్లు దిగింది. నాలుగుసార్లూ రెండో మెట్టు దగ్గర బ్రేకు పట్టింది. టైరు ఒక్కసారి కూడా జారలేదు. అయినా పట్టింది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. బసమ్మ తీగ మీద ఆరిన బట్టలు లోపల వేస్తోంది. అక్షత గుమ్మంలోనే నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా చెప్పేసింది. పదిహేడు పాయింట్లు, వాల్వు, ఒకాయన అన్న మాట. బసమ్మ చీర మడత పెడుతూ విన్నది.

"అంటే నేను ఏడాది సంది ఊరికే ఆ టైరు చేసినోన్ని తిట్టిన."

"ఆఁ."

"పాపం." ఆమె ఇంకో చీర అందుకుంది. "రేపు ఎంత కొట్టుకుంటవ్ గాలి?"

"ఇరవై నాలుగు."

"ఇరవై అయిదు కొట్టుకో."

*

వాన గంటన్నర పడి ఆగింది. ఆదివారం పొద్దున గుట్ట నెత్తి మీద నేల బాగుంది. తడి మొరం ఎండుదానికంటే చక్రాన్ని మేలుగా పట్టుకుంటుంది. కానీ కింద కంది చేను దగ్గర నడిచి వచ్చిన వాళ్ళ చెప్పులకు రేగడి రొట్టెల్లా అంటుకుని ఉంది.

అక్షత వ్యాను తలుపు దగ్గర నిలబడి ముళ్ళ టైరు వైపు చూసింది. చేతిలోకి తీసుకుంది. కింద పెట్టింది. పోటీకి ఇంకా నలభై నిమిషాలుంది. ముందుది విప్పి ఇది వేస్తే? వెనక వేస్తే? పడ్డదాని గురించి చెప్పేసింది కదా, ఇంకా ఈ పీకులాట ఎందుకో ఆమెకే తెలియలేదు.

"చాచా, వెనకది మార్చుదమా?"

"నీ ఇష్టం. ట్యాంకుల ఒక్కసారికి సరిపోయె గాలి ఉంది. ఒక్కసారికే."

అప్పుడే ఒక అమ్మాయి సైకిలు నడిపించుకుంటూ ఒక్కో బండి దగ్గర ఆగుతూ వాళ్ళ దగ్గరికి వచ్చింది. నాగరాణి. బీదర్ నుంచి వచ్చింది. ఆడవాళ్ళ పోటీలో ఉన్నది అయిదుగురే, పోయినేడు అక్షత పడ్డాక గెలిచింది ఈమే. ఆమె సైకిలు వెనక టైరు పక్కన నాలుగు వేళ్ళ పొడుగు చీలిక, లోపల చిల్లులు పూడ్చే తెల్లటి మందు కారి రిమ్ముకు అంటి ఉంది.

"అక్కా, ఇప్పుడే మెట్ల దగ్గర సైడ్ కట్ అయింది. ఎవరి దగ్గరా లేదంటున్నారు. మీ దగ్గర ఏమన్నా ఉన్నదా? వాపస్ ఇస్తాను."

ఆమె తెలుగు కన్నడ యాసలో సాగింది. మాట్లాడుతూనే ఆమె కళ్ళు అక్షత చేతి దగ్గరున్న ముళ్ళ టైరు మీద పడ్డాయి. పడి పక్కకు తిరిగాయి.

నేనే వేసుకుంటున్న అని చెప్పవచ్చు. అది అబద్ధం కూడా కాదు, సగం వేసుకున్నట్టే. ఈ అమ్మాయి లేకపోతే మిగిలింది నలుగురు, వాళ్ళలో తనను మించినవాళ్ళు లేరు. ఈ లెక్క అంతా అక్షత తలలో ఒక్క క్షణంలో పూర్తయింది. ఇస్హాక్ ట్యాంకు మీద చెయ్యి పెట్టి, దూరంగా పొలాల వైపు చూస్తున్నాడు. ఆయన ఏమీ అనడని ఆమెకు అర్థమైంది.

"నీ చక్రం ఎంత?"

"ఇరవై తొమ్మిది ఇంచులు."

"నాదీ గదే." అక్షత టైరు ఆమె చేతిలో పెట్టింది. "విప్పు తొందరగ. చాచా గాలి కొడ్తడు."

ముగ్గురూ కలిసి విప్పారు, ఎక్కించారు. ట్యాంకు బుస్సుమని ఖాళీ అయింది. ఒక టప్ వినిపించింది, రెండోది వినిపించలేదు. ఇస్హాక్ చక్రాన్ని నేల మీద ఒకటి మోదాడు. టప్.

ఇక మార్చడానికి టైరు లేదు, కొట్టడానికి గాలి లేదు. అక్షత చేతులకు అంటిన మందు ప్యాంటుకు తుడుచుకుని, హెల్మెట్ పెట్టుకుంది.

*

దిగేవాళ్ళలో అక్షత మూడోది. గంట మోగగానే మొదటి మలుపు వరకు నాలుగు గట్టి తొక్కులు తొక్కింది. తడి మొరం మీద ముందు టైరు గీసినట్టు తిరిగింది. రెండో మలుపు, మూడోది, చెవుల్లో గాలి. ఆలోచించడానికి సందు లేదు.

రాళ్ళ మెట్లు కనిపించాయి. వేళ్ళు బ్రేకు మీదికి వెళ్ళాయి. మొదటి మెట్టు దిగింది. ఆ రాయి ఎదురుగా వచ్చింది. వేళ్ళు బిగుసుకున్నాయి, సగం పట్టింది, వదిలింది. సైకిలు లేచి రాయి అవతల దిగింది. టైరు దబ్బుమని మోగి నిలబడింది. అక్షత గట్టిగా అరిచిందని తర్వాత రిబ్బను దగ్గర నిలబడ్డవాళ్ళు చెప్పారు. ఆమెకు తెలియదు.

రేగడిలోకి వచ్చాక అంతా మారిపోయింది. మట్టి టైరును కప్పేసింది. బటన్ల మధ్య సందులు నిండి చక్రం బన్నులా గుండ్రంగా అయింది. చివరి మలుపులో వెనక భాగం పక్కకు వెళ్ళిపోతే కాలు కింద పెట్టి, తోసి, మళ్ళీ ఎక్కింది. గీత దాటేసరికి మూడు నిమిషాల ముప్పై ఒక్క సెకన్లు.

నాగరాణి చివర దిగింది. రేగడి దగ్గర అందరూ తన్నుకులాడిన చోట ఆమె వెనక టైరు మట్టిని విసిరేస్తూ వచ్చింది. మూడు ఇరవై ఏడు. ఈసారీ గెలుపు ఆమెదే.

ఆ నాలుగు సెకన్లు ఎక్కడ పోయాయో అక్షతకు తెలుసు. ఆ ముళ్ళ టైరు తన వెనక ఉండి ఉంటే? ఆమె చప్పట్లు కొట్టింది కానీ మనసు పెట్టి కొట్టలేదు. నీళ్ళ సీసా తీసుకుని వ్యాను వెనక్కి వెళ్ళి ముఖం కడుక్కుంది.

నాగరాణి అక్కడికే వెతుక్కుంటూ వచ్చింది. హెల్మెట్ కూడా తీయలేదు.

"అక్కా, మైకులో చెప్తాను. మీ టైరని."

"వద్దు."

"చెప్తాను," అంది నాగరాణి మొండిగా. వెళ్ళి చెప్పింది కూడా. కన్నడం, తెలుగు కలిపి చెప్పింది. మైకు సగం మింగేసింది. అక్షత పేరు మాత్రం గుట్టంతా వినిపించింది.

మధ్యాహ్నానికి బండ్లు ఒక్కొక్కటే కదిలాయి. నాగరాణి టైరు విప్పబోతే అక్షత ఆపింది. బీదర్ నుంచి మళ్ళీ వచ్చే నెల సాధనకు వస్తుందట, అప్పుడు తెస్తే చాలంది. ఇద్దరూ ఫోన్ నంబర్లు రాసుకున్నారు.

ఇస్హాక్ ఖాళీ ట్యాంకు వ్యానులో పెట్టి తలుపు వేయబోయాడు. ఎండ వచ్చింది. రేగడి మీద పైపొర అప్పుడే తెల్లబడుతోంది. అక్షత పుల్లతో టైరు సందుల్లోని మట్టి గీకుతోంది, కూర్చోకుండా, నిలబడే. గీకడం అయ్యాక సైకిలు వ్యాను వైపు కాకుండా గుట్ట వైపు తిప్పింది.

"యాడికి?"

"జర ఉండుండ్రి చాచా. ఒక్కసారి దిగి వస్త."

"పోటీ అయిపోయింది గద!"

"అందుకే."

ఇస్హాక్ వ్యాను మెట్టు మీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు. రిబ్బన్లు విప్పుతున్నవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు. అక్షత సైకిలు తోసుకుంటూ బండ్ల దారిలో పైకి నడిచింది.